వెతికినవాళ్లకు దొరికిందా? నాలెడ్జ్ బేస్ లెక్కలు చదివే తీరు

కంపెనీ నాలెడ్జ్ బేస్ (ఉద్యోగులు వెతికి చదువుకునే సమాచార పేజీల సంగ్రహం) ఎలా నడుస్తోందని అడిగితే ముందుగా బయటికి వచ్చేది వ్యూస్ లెక్క. ఏ పేజీని ఎంతమంది చూశారు, పోయిన నెలకన్నా పెరిగారా తగ్గారా, టాప్ టెన్‌లో ఏవి ఉన్నాయి. ఈ లెక్క తీయడం తేలిక, గ్రాఫ్‌లో చూడ్డానికి కూడా బాగుంటుంది. కానీ దాన్ని చూసి రేపు పొద్దున కూర్చుని ఏ పేజీ సరిచేయాలో ఎవరూ చెప్పలేరు. వ్యూస్ ఉన్న పేజీలకే పడతాయి. రాయాల్సి ఉండీ ఎవరూ రాయని పేజీ ఆ రిపోర్ట్‌లోకే రాదు. రాసినా ఎవరి కంటా పడని పేజీ అట్టడుగున ఎక్కడో ఉంటుంది, ఎందుకు అక్కడుందో మాత్రం తెలియదు.

ఆ సంగతి తెలిసేది సెర్చ్ లాగ్‌లో, అంటే సెర్చ్ బాక్స్‌లో కొట్టిన మాటల రికార్డులో. జనం తమకేం కావాలో తమ మాటల్లోనే అక్కడ టైప్ చేసి వెళ్తారు. ఎవరో చదువుతారని కాదు, పని కావాలని కొడతారు కాబట్టి సర్వే జవాబుల్లో ఉండే మొహమాటం అందులో ఉండదు. ఏం అడిగారు, వచ్చినవాటిలో ఏది తెరిచారు, తెరిచాక ఏం చేశారు అనే మూడింటినీ వరసగా కలిపి చదివితేనే నాలెడ్జ్ బేస్ పరిస్థితి అర్థమవుతుంది. ఏ ఒక్కదాన్ని విడిగా చూసినా తప్పుదారి పట్టడానికే అవకాశం ఎక్కువ.

ఒక సెషన్, అంటే ఒక మనిషి ఒక విడతలో చేసిన వెతుకులాట, తీసుకుందాం. టూర్ నుంచి తిరిగొచ్చిన ఉద్యోగి ‘ట్రావెల్ బిల్లు’ అని కొడతాడు. పన్నెండు ఫలితాలు వస్తాయి, దేన్నీ నొక్కడు. కాసేపటికి ‘హోటల్ బిల్లు క్లెయిమ్’ అంటాడు. మూడు ఫలితాలు. మొదటిది తెరిచి, అయిదారు సెకన్లలో వెనక్కి వచ్చేస్తాడు. తర్వాత ‘రీయింబర్స్‌మెంట్ ఫారం’. ఏమీ రాదు. రెండు నిమిషాలకు ఫైనాన్స్ హెల్ప్‌డెస్క్‌లో అతని పేరు మీద ఒక టికెట్, అంటే సాయం కోరే అభ్యర్థన, పడుతుంది. అతనికి కావలసిన పేజీ నాలెడ్జ్ బేస్‌లో ఉంది. దాని పేరు ‘ప్రయాణ వ్యయ పరిహార విధానం, సవరణ 4’. అందులో బిల్లు, క్లెయిమ్ అనే మాటలు ఎక్కడా లేవు. ఫారం ఉంది గానీ అది అటాచ్‌మెంట్‌గా ఉంది, దాని ఫైల్ పేరు ఏదో కోడ్.

ఇప్పుడు ఇదే పేజీ వ్యూస్ రిపోర్ట్‌లో ఎలా కనిపిస్తుంది? ఎవరూ చూడని పాత పేజీగా. ‘ఏడాదిలో ఇన్ని వ్యూస్ కూడా రాని పేజీలన్నీ తీసేద్దాం’ అని ఎవరైనా అంటే మొదట ఎగిరిపోయేది ఇదే. సెర్చ్ లాగ్ పక్కన పెట్టుకుని చూస్తే మాత్రం అందరూ వెతుకుతున్నా ఎవరికీ దొరకని పేజీ అది. పేజీ ఒకటే, రెండు రిపోర్టులు చెప్పే తీర్పులు మాత్రం ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం.

రాసేవాళ్ల మాట వెతికేవాళ్ల నోట రాకపోవడం ఏ ఒక్క కంపెనీ అశ్రద్ధో కాదు. బెల్ కమ్యూనికేషన్స్ రీసెర్చ్‌లో పనిచేసిన జార్జ్ ఫర్నస్, ఆయన సహచరులు 1987లోనే దీన్ని కొలిచి చూపించారు. ఒక వస్తువుకో పనికో పేరు పెట్టమంటే ఇద్దరు మనుషులు ఒకే మాట ఎంచుకునే అవకాశం 20 శాతం కన్నా తక్కువ అని వాళ్ల ప్రయోగాల్లో తేలింది. మంచి పేరు ఒకటి ఆలోచించి పెడితే సరిపోదు, ఒక్కోదానికి ఎన్ని పేర్లు వాడుకలో ఉంటే అన్నింటినీ సిస్టమ్ ఒప్పుకోవాలి అన్నది వాళ్లు చెప్పిన మందు. ఆ పేర్లేమిటో ఊహించే అవసరం ఇప్పుడు లేదు. లాగ్ తెరిస్తే అక్కడే ఉన్నాయి.

ఫలితం లేని సెర్చ్‌లు

లాగ్ తెరిచిన ప్రతివాళ్లూ మొదట వెళ్లేది ఒక్క ఫలితమూ రాని సెర్చ్‌ల జాబితాకి. వెళ్లాల్సిందే. కానీ ఆ జాబితాని ఉన్నదున్నట్టు నమ్మి పేజీలు రాయడం మొదలుపెడితే చాలా శ్రమ దండగవుతుంది. ముందు అందులో చెత్త తీసేయాలి.

టైప్ చేస్తుండగానే ఫలితాలు చూపించే సెర్చ్ బాక్స్ ఉంటే చెత్త ఎక్కువ. ‘లాప్‌టాప్’ అని పూర్తి చేసేలోగా ‘లా’, ‘లాప్’, ‘లాప్‌టా’ అన్నీ వేర్వేరు సెర్చ్‌లుగా నమోదవుతాయి, వాటిలో కొన్ని ఫలితం లేనివాటి ఖాతాలో పడతాయి. మనిషి టైప్ చేయడం ఆపి ఒకటి రెండు సెకన్లు గడిచాక బాక్స్‌లో మిగిలిన మాటనే సెర్చ్‌గా లెక్కపెట్టాలి. సర్వర్ బతికుందో లేదో చూడ్డానికి అయిదు నిమిషాలకోసారి ఒకే మాట వెతికే మానిటరింగ్ స్క్రిప్ట్ ఉంటే అది టాప్ సెర్చ్‌లలో మొదటి స్థానంలో కూర్చుంటుంది. దాని ఖాతాను పక్కన పెట్టాలి.

పర్మిషన్ల వల్ల వచ్చే తికమక ఇంకా పెద్దది. చాలా సిస్టమ్‌లు ఎవరికి చూసే హక్కు లేదో వాళ్లకు ఆ పేజీని ఫలితాల్లో చూపించవు. ఉద్యోగికి ‘ఏమీ దొరకలేదు’ అని వస్తుంది. అదే మాట అడ్మిన్ తన లాగిన్‌తో కొడితే పేజీ టక్కున పైన కనిపిస్తుంది. ‘ఉంది కదా, సరిగ్గా వెతకలేదేమో’ అని ఆ సెర్చ్‌ని కొట్టేస్తారు. ఫలితం లేని సెర్చ్‌లను పరీక్షించేది ఎప్పుడూ మామూలు ఉద్యోగి హక్కులున్న టెస్ట్ ఖాతాతోనే అయి ఉండాలి. ఇది చిన్న నియమమే, కానీ దీన్ని పాటించని చోట నెలల తరబడి జనం ఒక పేజీ కోసం వెతుకుతూనే ఉంటారు, టీమ్ అది ఉందనే అనుకుంటూ ఉంటుంది.

మిగిలినవాటిలో కొన్ని అసలు నాలెడ్జ్ బేస్‌కు సంబంధించినవి కావు. సహోద్యోగి పేరు, ఏదో అప్లికేషన్ లాగిన్ పేజీ, మీటింగ్ రూమ్ బుకింగ్. వెబ్ సెర్చ్‌లన్నీ ఒక రకం కాదని, కొందరు సమాచారం కోసం, కొందరు ఒక నిర్దిష్టమైన చోటికి చేరుకోవడానికి, కొందరు ఒక పని పూర్తిచేయడానికి వెతుకుతారని ఆండ్రే బ్రోడర్ 2002లో విడదీసి చెప్పాడు. కంపెనీ లోపలి సెర్చ్‌కూ అదే వర్తిస్తుంది. మీటింగ్ రూమ్ బుక్ చేసుకోవాలనుకున్న మనిషికి ‘మీటింగ్ రూమ్‌ల వినియోగ మార్గదర్శకాలు’ అనే నాలుగు పేజీల వ్యాసం ఎందుకు? బుకింగ్ సిస్టమ్ లింక్ ఒకటి ఫలితాల్లో అన్నిటికన్నా పైన పెడితే పని అయిపోతుంది.

ఇంత వడకట్టాక మిగిలే జాబితా చిన్నదిగానే ఉంటుంది. అది మాత్రం బంగారం.

ఫలితాలొచ్చినా పని జరగని చోట

ఏమీ రాని సెర్చ్ కనీసం తన వైఫల్యాన్ని తానే చెప్పుకుంటుంది. ఫలితాలు వచ్చి కూడా పని జరగనివి అలా బయటపడవు. నిజానికి ఎక్కువ నష్టం ఇక్కడే. డాష్‌బోర్డ్ ప్రకారం సెర్చ్ విజయవంతం, నలభై ఫలితాలు ఇచ్చింది. మనిషికి మాత్రం ఏమీ దొరకలేదు.

వీటికి మూడు ఆనవాళ్లు ఉంటాయి. ఒకటి, ఫలితాలు చూసి ఏదీ నొక్కకుండా వెళ్లిపోవడం. మైక్రోసాఫ్ట్ షేర్‌పాయింట్ ఆన్‌లైన్ లాంటి పత్రాల వేదికలు ఫలితం రాని సెర్చ్‌లను, ఇలా వదిలేసిన సెర్చ్‌లను రెండు వేర్వేరు రిపోర్టులుగానే ఇస్తాయి. రెండు, వెంటనే మాట మార్చి మళ్లీ వెతకడం. మూడు, ఒక పేజీ తెరిచి కొద్ది సెకన్లలోనే వెనక్కి వచ్చి ఇంకో ఫలితం నొక్కడం. మొదటిదాన్ని కాస్త జాగ్రత్తగా చూడాలి. ఫలితాల జాబితాలో పేజీ పేరు కింద వచ్చే రెండు లైన్లలోనే జవాబు కనిపిస్తే మనిషి నొక్కాల్సిన పనే లేదు. హెల్ప్‌డెస్క్ ఎక్స్‌టెన్షన్ నంబర్ కోసం వెతికినవాడికి ఆ నంబర్ అక్కడే కనిపించింది, పని అయింది, వెళ్లిపోయాడు. ఇలాంటి ‘మంచి వదిలివేత’ గురించి గూగుల్ పరిశోధకులు 2009లోనే రాశారు. కాబట్టి నొక్కలేదు అన్నంత మాత్రాన విఫలం అనలేం. నొక్కకుండా మళ్లీ వెతికాడా, టికెట్ వేశాడా అన్నది కలిపి చూడాలి.

నాలెడ్జ్ బేస్ టీమ్‌లకు అన్నిటికన్నా విలువైన సమాచారం రెండో ఆనవాలులో ఉంది. మనిషి మొదట ఏ మాట వాడాడు, అది పనిచేయక ఏ మాటకు మారాడు, చివరికి ఏ మాటతో పేజీ దొరికింది. ఈ జంటల్ని వందో రెండొందలో తీసి ఒక షీట్‌లో పెడితే కంపెనీలో జనం మాట్లాడుకునే భాషకూ పత్రాల్లో రాసే భాషకూ మధ్య నిఘంటువు దానంతటదే తయారవుతుంది. దీన్ని కాన్ఫరెన్స్ రూమ్‌లో కూర్చుని ఎవరూ రాయలేరు.

లాగ్ మొత్తం చదవాలా అంటే అక్కర్లేదు. మాటల వాడుకలో భాషావేత్త జార్జ్ జిఫ్ చూపించిన అసమానతే సెర్చ్‌లలోనూ కనిపిస్తుంది. కొద్ది సెర్చ్‌లు మళ్లీ మళ్లీ వస్తాయి, ఆ తర్వాత ఒక్కసారి మాత్రమే వచ్చేవాటి తోక చాలా పొడుగ్గా ఉంటుంది. తల భాగంలోని యాభై అరవై సెర్చ్‌లను ఒక్కొక్కటిగా స్వయంగా కొట్టి, వచ్చే మొదటి అయిదు ఫలితాలు ఎలా ఉన్నాయో చూడటం ఒక మధ్యాహ్నం పని. తోకలో నుంచి ఊరికే కొన్ని తీసి చదివితే చాలు. అక్కడ లెక్కలకు అర్థం ఉండదు గానీ, ‘కొత్త మేనేజర్‌కి పాత ప్రాజెక్ట్ ఫోల్డర్ యాక్సెస్ ఎవరివ్వాలి’ లాంటి పూర్తి వాక్యాలు దొరుకుతాయి. అవి దాదాపు రెడీమేడ్ శీర్షికలు.

కొత్త పేజీ రాయడం ఆఖరి మాట

దొరకలేదు అనగానే కొత్త పేజీ రాయడం చాలాచోట్ల అలవాటు. దాంతో ఒకే విషయం మీద నాలుగు పేజీలు తయారవుతాయి, ఒక్కోదాంట్లో ఒక్కో గడువు తేదీ. వెతికేవాళ్ల టెన్షన్ ఇంకా పెరుగుతుంది. వరస తిరగేయాలి. ముందు ఉన్న పేజీ శీర్షిక మార్చడం, తర్వాత మొదటి పేరా మార్చడం, ఆ తర్వాత పర్యాయపదాల పట్టిక (ఏ మాటకు ఏ మాట సమానమో సెర్చ్‌కు చెప్పేది), నిజంగా విషయమే లేదని తేలితేనే కొత్త పేజీ. కన్సార్షియం ఫర్ సర్వీస్ ఇన్నొవేషన్ రూపొందించిన నాలెడ్జ్ సెంటర్డ్ సర్వీస్ పద్ధతి కూడా ఇదే దారిలో నడుస్తుంది. ముందు వెతుకు, ఉన్నదాన్ని వాడు, వాడుతూనే సరిచెయ్, సమస్యను కస్టమర్ చెప్పిన మాటల్లోనే నమోదు చెయ్.

శీర్షిక మార్పు చవకైన పని, ఫలితం మాత్రం ఎక్కువ. ‘ప్రయాణ వ్యయ పరిహార విధానం, సవరణ 4’ని ‘టూర్ బిల్లు క్లెయిమ్ చేయడం ఎలా (ట్రావెల్, హోటల్ రీయింబర్స్‌మెంట్ ఫారం)’ అని మారిస్తే సెషన్‌లో కనిపించిన మూడు సెర్చ్‌లకూ అది దొరుకుతుంది. సవరణ నంబర్ ఆడిట్‌వాళ్లకు కావాలి, నిజమే. అది పేజీ అడుగున ఉండొచ్చు.

శీర్షికల్లో ఇంకో జబ్బు ఉంది. ప్రతి పేజీ పేరు ముందూ కంపెనీ పేరో, ప్రోడక్ట్ పేరో తగిలించడం. కరెన్ స్పార్క్ జోన్స్ 1972లో ప్రతిపాదించిన సూత్రం ఇప్పటికీ చాలా సెర్చ్ ఇంజన్ల లోపల పనిచేస్తోంది. ఒక మాట ఎంత తక్కువ పత్రాల్లో ఉంటే దానికి అంత ఎక్కువ బరువు. ప్రతి పేజీలోనూ ఉన్న మాటకు బరువు సున్నాకు దగ్గర. కాబట్టి ఆ పేరు శీర్షికలో చోటు తినడం తప్ప వెతుకులాటకు చేసే సాయమేమీ ఉండదు. మొబైల్ స్క్రీన్ మీద శీర్షిక సగంలో తెగిపోయినప్పుడు కనిపించేదంతా ఆ పేరే.

పర్యాయపదాల పట్టిక ఉపయోగమే, అయితే పొట్టి అక్షరాల దగ్గర జాగ్రత్త. ‘పీఓ’ అంటే కొనుగోళ్ల విభాగంలో పర్చేజ్ ఆర్డర్, సాఫ్ట్‌వేర్ టీమ్‌లో ప్రోడక్ట్ ఓనర్. ఒక అర్థానికి కట్టేస్తే రెండోవాళ్లకు చెత్త ఫలితాలు. ఇలాంటి చోట వెతికిన మనిషి ఏ విభాగమో చూడాలి, లేదా రెండు అర్థాలూ చూపించే చిన్న పేజీ ఒకటి పెట్టాలి.

కొన్నిసార్లు పేజీ బాగుంటుంది, శీర్షిక బాగుంటుంది, అయినా దొరకదు. ‘వీపీఎన్ 809’ అనే సెర్చ్ పదేపదే ఖాళీగా వెళ్తోందనుకుందాం. విండోస్‌లో వీపీఎన్ (బయటి నుంచి కంపెనీ నెట్‌వర్క్‌లోకి చేరే సురక్షిత మార్గం) కనెక్షన్ దారిలో ఏ ఫైర్‌వాలో రూటరో అడ్డుకున్నప్పుడు వచ్చే ఎర్రర్ అది. దాన్ని ఎలా సరిచేయాలో చెప్పే పేజీ ఉంది. ఎర్రర్ నంబర్ కూడా అందులో ఉంది, కాకపోతే స్క్రీన్‌షాట్‌లో ఉంది. బొమ్మలోని అక్షరాలను చదివే ఏర్పాటు లేని సెర్చ్‌కు ఆ నంబర్ కనిపించదు. ఎర్రర్ మెసేజ్‌ని అక్షరం పొల్లుపోకుండా టెక్స్ట్‌గా ఒక లైన్ రాస్తే సమస్య తీరిపోతుంది. జనం ఎర్రర్‌ని కాపీ చేసి సెర్చ్‌లో పేస్ట్ చేస్తారు, అర్థం చేసుకుని తమ మాటల్లో రాయరు. అందుకే మెసేజ్ మొత్తం ఉండాలి.

వ్యూస్ ఎప్పుడు పనికొస్తాయి

ఇంతవరకూ వ్యూస్‌ని తక్కువ చేసి మాట్లాడినా, వాటికీ పని ఉంది. మొత్తం ఎన్ని అన్నది కాదు, అవి ఎక్కడి నుంచి వచ్చాయి అన్నది అడగాలి. హెచ్‌ఆర్ అందరికీ పంపిన మెయిల్‌లో లింక్ ఉంటే ఆ పేజీకి ఆ రోజు వ్యూస్ ఆకాశానికి లేస్తాయి, వారం తర్వాత నేలకు దిగుతాయి. అందులో పేజీ గొప్పతనమూ లేదు, తప్పూ లేదు. సెర్చ్ నుంచి వచ్చిన వ్యూస్, ఇంకో పేజీలోని లింక్ నుంచి వచ్చినవి, మెయిల్ నుంచి వచ్చినవి విడదీయాలి. పేజీ రాసినవాళ్లు సరిచేస్తూ పదిసార్లు తెరిచిన వ్యూస్ తీసేయాలి. చిన్న కంపెనీలో కొత్త పేజీలకు వచ్చే వ్యూస్‌లో వాళ్లవే ఎక్కువ ఉన్నా ఆశ్చర్యం లేదు.

వ్యూస్‌తో చేయదగ్గ మంచి పని ఒకటుంది. ప్రతి పేజీ పక్కన చివరిసారి ఎవరైనా సరిచూసిన తేదీ పెట్టి, ఎక్కువ వ్యూస్ ఉండి చాలాకాలంగా ఎవరూ ముట్టుకోని పేజీలను పైకి తేవడం. నాలెడ్జ్ బేస్‌లో అత్యంత ప్రమాదకరమైనవి ఇవే. ఎవరూ చూడని తప్పు పేజీ ఎవరికీ హాని చేయదు. అందరూ చూసే పాత పేజీ ప్రతిరోజూ కొంతమందిని తప్పు దారిలో పంపిస్తుంది, వాళ్లలో చాలామంది ఫిర్యాదు కూడా చేయరు.

టాప్ పేజీలను చూసి సంబరపడటం కూడా ఆలోచించాల్సిందే. ప్రతి నెలా ‘పాస్‌వర్డ్ మర్చిపోతే’ అనే పేజీ మొదటి స్థానంలో ఉందంటే నాలెడ్జ్ బేస్ బాగా పనిచేస్తోందని ఒక అర్థం. లాగిన్ స్క్రీన్ మీద ఉండాల్సిన లింక్ అక్కడ లేదని ఇంకో అర్థం. రెండోదే నిజమయ్యే అవకాశం ఎక్కువ. అప్పుడు సరిచేయాల్సింది పేజీని కాదు, లాగిన్ స్క్రీన్‌ని. మంచి టీమ్‌లు తమ టాప్ పేజీల జాబితాను ప్రోడక్ట్ టీమ్‌కి పంపి, వీటి అవసరమే లేకుండా చేయగలరా అని అడుగుతాయి.

తక్కువ వ్యూస్ ఉన్నవాటిని గుడ్డిగా తీసేయడం అంతకన్నా ప్రమాదం. డేటాబేస్ కూలిపోతే బ్యాకప్ నుంచి తిరిగి నిలబెట్టే విధానాన్ని ఏడాదిలో ఎవరూ తెరవకపోవచ్చు. అది తెరిచే రోజున దాని విలువ మిగతా అన్ని పేజీలకన్నా ఎక్కువ. ఆర్థిక సంవత్సరం ముగింపు పనులు, వార్షిక ఆడిట్, ఏటా ఒకసారి జరిగే మదింపు లాంటివి మూడు నెలల రిపోర్ట్‌లో సున్నాగా కనిపిస్తాయి. కనీసం ఒక ఏడాది పైచిలుకు లెక్క చూడకుండా దేన్నీ తీయకూడదు.

పేజీ మీద గడిపిన సమయం గురించి కూడా ఒక మాట. వెబ్‌సైట్ల కోసం తయారైన కొలతలు ఇక్కడ తలకిందులవుతాయి. వెబ్‌సైట్ వాడకాన్ని కొలిచే గూగుల్ అనలిటిక్స్ 4 లెక్క ప్రకారం ఒక సెషన్ పది సెకన్లకన్నా ఎక్కువ సాగితేనో, రెండు పేజీలు చూస్తేనో, ముఖ్యమని ముందే గుర్తు పెట్టిన పని ఏదైనా జరిగితేనో అది శ్రద్ధగా గడిపిన సెషన్. సెలవు దరఖాస్తు గడువు ఏ తేదీనో ఎనిమిది సెకన్లలో చూసుకుని వెళ్లిపోయిన ఉద్యోగి ఆ లెక్కలో బౌన్స్, అంటే శ్రద్ధ చూపకుండా వెళ్లిపోయినవాడు. నాలెడ్జ్ బేస్‌కు అతనే ఆదర్శ పాఠకుడు. ఆరు నిమిషాలు చదివిన మనిషి ఆసక్తిగా చదివాడా, అర్థంకాక కొట్టుకున్నాడా అన్నది సమయం చెప్పదు. ఇదే టూల్ సెర్చ్‌లను తనంతట తాను పట్టుకోవాలంటే వెబ్ అడ్రస్‌లో క్యూ, ఎస్, సెర్చ్, క్వెరీ, కీవర్డ్ లాంటి పేర్లలో ఒకటి ఉండాలి. అడ్రస్ మారకుండా ఫలితాలు చూపించే సెర్చ్ బాక్స్ అయితే విడిగా ఏర్పాటు చేసేవరకూ రిపోర్ట్ ఖాళీగానే ఉంటుంది. ఖాళీ రిపోర్ట్‌ని చూసి ‘మన దగ్గర ఎవరూ సెర్చ్ వాడరు’ అనుకోవద్దు.

క్లిక్‌లనూ ముఖవిలువతో తీసుకోలేం. థోర్‌స్టెన్ యోఆకిమ్స్ బృందం 2005లో ప్రచురించిన ప్రయోగంలో వెబ్ సెర్చ్ ఫలితాల్లో మొదటి రెండింటినీ తారుమారు చేసి చూపించినా జనం పైనున్నదాన్నే ఎక్కువగా నొక్కారు. పైన ఉండటమే ఒక సిఫారసు. కాబట్టి ‘ఎక్కువమంది నొక్కుతున్నారు గనుక ఇదే సరైన పేజీ’ అని దాన్ని ఇంకా పైకి తోసే సిస్టమ్ తన తప్పును తానే పెంచుకుంటూ పోతుంది. అయిదో స్థానంలో ఉండి కూడా క్లిక్‌లు తెచ్చుకుంటున్న పేజీని గమనించాలి. జనం కిందిదాకా వెళ్లి మరీ దాన్ని ఎంచుకుంటున్నారు.

అంకెలు చిన్నవన్నది మర్చిపోకూడదు. మూడొందలమంది ఉన్న కంపెనీలో ఒక సెర్చ్ నెలకు పది నుంచి పదమూడుకు పెరిగితే రిపోర్ట్ దాన్ని 30 శాతం వృద్ధి అంటుంది. అది ముగ్గురు మనుషులు. ‘ఈ పేజీ ఉపయోగపడిందా’ అన్న ప్రశ్నకు వచ్చిన మూడు ఓట్లలో రెండు ‘లేదు’ అయితే 67 శాతం అసంతృప్తి అని ఎర్ర రంగు వేయడం హాస్యాస్పదం. అలాంటిచోట శాతాలు మానేసి, ఆ ఇద్దరూ కింద రాసిన కామెంట్ చదవడం నయం.

లెక్కే లక్ష్యమైతే

ఒక సూచికను లక్ష్యంగా పెట్టుకుని ఒత్తిడి తెస్తే అది సూచికగా పనిచేయడం మానేస్తుందని బ్రిటిష్ ఆర్థికవేత్త చార్ల్స్ గుడ్‌హార్ట్ 1975లో ద్రవ్య విధానం సందర్భంలో చెప్పిన మాట నాలెడ్జ్ బేస్‌లలో అచ్చంగా జరుగుతుంది. ఫలితం లేని సెర్చ్‌లు ఇంత శాతానికి తగ్గాలని టార్గెట్ పెట్టారనుకుందాం. కొట్టిన మాటలన్నీ ఉన్న పేజీలే కాకుండా ఏ ఒక్క మాట ఉన్నా చూపించేలా ఎవరో సెట్టింగ్ మారుస్తారు. రాత్రికి రాత్రి శాతం దాదాపు సున్నా. వెతికేవాళ్లకు ఇప్పుడు ఖాళీ పేజీకి బదులు సంబంధం లేని రెండొందల ఫలితాలు వస్తాయి. ‘నాలెడ్జ్ బేస్ వల్ల ఇన్ని టికెట్లు తప్పాయి’ అనే లెక్కదీ ఇదే తంతు. పేజీ చూసి టికెట్ వేయనివాళ్లందరినీ విజయాల్లో కలుపుతారు. విసిగిపోయి పక్క సీటు మనిషిని అడిగినవాళ్లు కూడా అందులోనే ఉంటారు.

చాట్‌బాట్ వచ్చాక

అర్థాన్ని బట్టి వెతికే కొత్త రకం సెర్చ్ ఈ లెక్కల్లో చాలావాటిని కదిలించింది. అది మాటలను కాకుండా వాక్యాల మధ్య దగ్గరితనాన్ని అంకెల్లోకి మార్చి కొలుస్తుంది. హద్దు పెట్టకపోతే ఏ ప్రశ్నకైనా ‘అన్నిటికన్నా దగ్గరిది’ ఏదో ఒకటి ఉంటుంది గనుక ఫలితం లేని సెర్చ్ అన్నదే ఉండదు. కొత్త సెర్చ్ పెట్టగానే ఆ గ్రాఫ్ పడిపోవడం చూసి చప్పట్లు కొట్టడం తొందరపాటు. దగ్గరితనం స్కోరు తక్కువగా ఉన్న జవాబులు, జవాబు వచ్చాక కూడా అదే ప్రశ్నను తిప్పి అడిగిన సంభాషణలు, ‘మనిషితో మాట్లాడించండి’ అన్న చోట్లు ఇప్పుడు పాత ఖాళీ ఫలితాల స్థానంలోకి వస్తాయి.

వ్యూస్ సంగతి ఇంకా విచిత్రం. చాట్‌బాట్ పేజీని చదివి సారాంశం చెప్పేస్తే మనిషి ఆ పేజీని తెరవడు. వ్యూస్ తగ్గిపోతాయి, వాడకం మాత్రం పెరిగి ఉండొచ్చు. ఏ పేజీని ఎన్ని జవాబులకు ఆధారంగా తీసుకుందో విడిగా లెక్కపెట్టాలి. లేకపోతే చాట్‌బాట్ రోజూ ఆధారపడే పేజీనే ఎవరూ చూడటం లేదని తీసేసే ప్రమాదం ఉంది. ఇంకోపక్క, పాత పేజీలు చేసే హాని కూడా పెరిగింది. పేజీని తెరిస్తే పైన ‘మూడేళ్ల క్రితం సవరించినది’ అని కనిపించి మనిషి అనుమానపడతాడు. చాట్‌బాట్ అదే సమాచారాన్ని తేదీ లేకుండా, ధీమాగా చెబుతుంది.

ఆ లాగ్ ఎవరు చూడాలి

‘నోటీస్ పీరియడ్ ఎంత’, ‘వేధింపుల ఫిర్యాదు ఎలా’, ‘దీర్ఘకాలిక అనారోగ్య సెలవు’. సెర్చ్ లాగ్‌లో ఇలాంటివీ ఉంటాయి. చిన్న టీమ్‌లో పేరు తీసేసినా అడిగిందెవరో పసిగట్టడం కష్టం కాదు. అమెరికా ఇంటర్నెట్ సంస్థ ఏఓఎల్ 2006 ఆగస్టులో సుమారు 6,50,000 మంది చేసిన దాదాపు 2 కోట్ల సెర్చ్‌లను పేర్లకు బదులు నంబర్లు పెట్టి పరిశోధకుల కోసం విడుదల చేసింది. కొద్ది రోజుల్లోనే న్యూయార్క్ టైమ్స్ ఆ సెర్చ్‌ల ఆధారంగానే ఒక మనిషిని గుర్తుపట్టింది. మాటలే మనిషిని పట్టిస్తాయి.

అలాగని సెషన్‌లు తెలియకుండా మాట మార్చి వెతికిన జంటలు దొరకవు. మధ్యేమార్గం ఉంది. ఉద్యోగి ఐడీకి బదులు ఆ రోజుతో చెరిగిపోయే ఏదో ఒక టోకెన్ వాడటం, నలుగురైదుగురి కన్నా తక్కువమంది వెతికిన మాటలను రిపోర్టుల్లోకి రానివ్వకపోవడం, తోక భాగాన్ని కంటెంట్ చూసే ఒకరిద్దరు తప్ప ఎవరూ చదవకపోవడం. మేనేజర్లకు తమ టీమ్ ఏం వెతుకుతోందో చూసే హక్కు అస్సలు ఇవ్వకూడదు. ఇచ్చారని తెలిసిన రోజునుంచి జనం అవసరమైనవి వెతకడం మానేస్తారు. అప్పుడు లాగ్‌లో చదవడానికి ఏమీ మిగలదు.

చదివే పని ఒక మనిషి పేరు మీద ఉండాలి. కమిటీకి అప్పగిస్తే అది మూడో నెలకు ఆగిపోతుంది. వారానికి ఒక అరగంట చాలు. వడకట్టిన జాబితా నుంచి అయిదారు సెర్చ్‌లు తీసుకోవడం, ఒక్కోదానికి కారణం పేజీ లేకపోవడమా, పేరు కుదరకపోవడమా, పర్మిషనా, పాతబడటమా అని రాయడం, సంబంధిత పేజీ ఎవరిదో వాళ్లకు పంపడం. పంపేటప్పుడు ‘మీ పేజీకి క్లిక్‌లు తక్కువ’ అంటే రాసినవాళ్లు నొచ్చుకుంటారు. ‘ఈ మాటతో వెతికినవాళ్లకు మీ పేజీ కనిపించడం లేదు’ అంటే ఆ రోజే మారుస్తారు.

మార్చిన తేదీని నమోదు చేసి, నాలుగు వారాల తర్వాత అదే సెర్చ్‌ని మళ్లీ చూడాలి. మాట మార్చి వెతకడం తగ్గి, ఆ విషయం మీద టికెట్లు కూడా తగ్గితే ఆ పని ముగిసింది. వెతకడం తగ్గినా టికెట్లు తగ్గకపోతే పేజీ దొరుకుతోంది గానీ చదివినవాళ్ల పని కావడం లేదు. అక్కడి నుంచి లాగ్ చెప్పగలిగింది ఏమీ లేదు. ఆ టికెట్లకు జవాబిచ్చే హెల్ప్‌డెస్క్ ఉద్యోగి పక్కన కూర్చుని, పేజీలోని ఒక్కో మెట్టూ తానుగా చేసి చూస్తే, ఎక్కడో నాలుగో మెట్టు దగ్గర పేజీలో చెప్పిన బటన్ స్క్రీన్ మీద లేదని తేలుతుంది.